ఉతికినా పోని వాసన

కోరుట్లలో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు. సిరిసిల్ల నుంచి కోడలిగా వచ్చింది కాబట్టి వాడకంతటికీ ఆమె సిరిసిల్ల పెద్దమ్మ. కూరగాయల బండి మనిషి, పాలు పోసే అబ్బాయి, చివరికి ఆమెకన్నా వయసులో పెద్దవాళ్లు కూడా అలాగే పిలిచేవారు. ఈమధ్య ఆమె కోడలు జగిత్యాలలో ఉన్న నాకు ఫోన్ చేసి, "అక్కా, అత్తమ్మ పోయింది" అన్నప్పుడు ముందు నా కళ్లముందుకు వచ్చింది ఆమె ముఖం కాదు. చేతిలో ఉతికిన జాకెట్టు, దాని చంక దగ్గరి కుట్టుకు ఆనించిన ముక్కు, వాసన పీల్చేటప్పుడు మూతపడే ఆ కళ్లు.

ఆ పని ఆమె రోజూ చేసేది. సాయంత్రం మేడ ఎక్కి దండెం మీది బట్టలు తీసేటప్పుడు ప్రతి అంగీని, ప్రతి జాకెట్టును లోపలివైపు తిప్పి ముక్కు దగ్గర పెట్టుకునేది. బాగుంటే మడత పెట్టేది. లేకపోతే ఎడమ భుజం మీద వేసుకునేది. భుజం మీది బట్టలు మళ్లీ నానబెట్టడానికి. ఆమె మెట్లు దిగుతుంటే కింద కుర్చీలో కూర్చున్న ఆమె భర్త తల ఎత్తి చూసి, "ఇయ్యాల ఎన్ని ఫేలైనయ్?" అని అడిగేవాడు. ఆయనను నేను పెద్దబాపు అనేదాన్ని. బస్సు డ్రైవరు. ఇంజను పక్కన రోజంతా కూర్చుని కూర్చుని ఆయన ఖాకీ అంగీలకు ఎంత ఉతికినా ఒక వేడి వాసన ఉండిపోయేది. ఎక్కువగా ఫేలయ్యేవి అవే.

"నువ్వు బస్సు దిగుతవు గని, బస్సు నీ మీదికెల్లి దిగది" అనేది పెద్దమ్మ. ఆయన నవ్వేవాడు. ఆ మాట ఎన్నిసార్లు విన్నా నవ్వేవాడు.

నేను ఆ ఇంటి మేడమీది గదిలో అద్దెకు దిగినప్పుడు నాకు పెళ్లి కాలేదు. మా ఊరు కొడిమ్యాల నుంచి వచ్చి కోరుట్లలో ఒక ప్రైవేటు బడిలో టీచరుగా చేరాను. నా పెట్టెలో ఉన్నవన్నీ పాలిస్టర్ చీరలే, వాటి మీదికి అదే గుడ్డ జాకెట్లే. ఇస్త్రీ అక్కరలేదు, రాత్రి ఉతికి గదిలో తాడు మీద వేస్తే పొద్దునకల్లా ఆరిపోతాయి. ఒంటరి ఉద్యోగికి అంతకన్నా ఏం కావాలి అనుకునేదాన్ని. రోజుకు రెండుసార్లు స్నానం చేసేదాన్ని. పౌడరు రాసుకునేదాన్ని.

బడిలో మాత్రం ఏదో జరుగుతోందని కొన్నాళ్లకు తెలిసింది. స్టాఫ్ రూములో నా పక్కన కూర్చునే లెక్కల టీచరు, గాలి రావడం లేదని కుర్చీ మార్చుకుంది. ఫ్యాను ఉన్నది నా నెత్తిమీదనే. నోటు పుస్తకాలు దిద్దించుకోవడానికి వచ్చే పిల్లలు చేయి చాచి పుస్తకం ఇచ్చి వెనక్కి జరిగేవారు. మధ్యాహ్నం డబ్బాలు విప్పేటప్పుడు నేను వెళ్లేసరికి అందరూ తిని లేచేవారు. నా చీరలు నాసివని చిన్నచూపు చూస్తున్నారేమో అనుకున్నాను. రాత్రిళ్లు మా అమ్మ గుర్తొచ్చి ఏడుపు వచ్చేది. ఉద్యోగం వదిలేసి ఊరికి పోదామని ఒక ఆదివారం బట్టలన్నీ ఉతుక్కుని మేడమీద ఆరేశాను. పెట్టె సర్దుకోవడానికే.

ఆ సాయంత్రం ఉన్నట్టుండి మబ్బు పట్టింది. నేను గదిలోంచి బయటికి వచ్చేసరికి పెద్దమ్మ తన బట్టలతోపాటు నావి కూడా దండెం మీంచి తీస్తోంది. అలవాటు కొద్దీ నా జాకెట్టును కూడా ముక్కు దగ్గర పెట్టుకుంది. ఒకటి చూసింది. రెండోది చూసింది. అన్నీ ఎడమ భుజం మీద వేసుకుంది.

"గిటు రా బిడ్డ" అంది. "ఒక్క మాట చెప్త, కోపం చేస్కోకు."

"చెప్పండి పెద్దమ్మా."

"నీ జాకెట్ల వాసన పోతలేదు. ఉతికినా పోతలేదు. నీకు తెలుస్తలేదు గని, పక్కకు నిలవడ్డోల్లకు తెలుస్తది."

నేను ఆమె భుజం మీంచి నా బట్టలు లాక్కున్నాను. "నేను రోజూ రెండుసార్లు స్నానం చేస్తా" అన్నాను. "గది ఖాళీ చేస్తా. ఇంత మాట పడి ఉండను." చినుకులు మొదలయ్యాయి. నేను గదిలోకి పోయి తలుపు వేసుకున్నాను.

తలుపు వేసుకున్నాక అర్థమైంది. ఫ్యాను కింది కుర్చీ, పిల్లల చాచిన చేతులు, ఖాళీ అయ్యే డబ్బాలు, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. అన్ని నెలలు అందరికీ తెలుసు. నాకొక్కదానికే తెలియదు.

మరునాడు పొద్దున్నే ఆమె తలుపు తట్టింది. చేతిలో ఇస్త్రీ పెట్టె. లోపలికి వచ్చి, నేను సర్దుకున్న పెట్టెలోంచి తనే ఒక జాకెట్టు తీసి, చంక దగ్గర కాస్త నీళ్లు చల్లి, వేడి ఇస్త్రీ పెట్టె దాని మీద ఆనించింది. గుప్పున ఆవిరి లేచింది. ఆ ఆవిరితోపాటు పాత చెమట వాసన గదంతా నిండింది. నేను రెండడుగులు వెనక్కి వేశాను.

"సూసినవా? ఇది నీ ఒంటి వాసన గాదు బిడ్డ" అంది. "నువ్వు పొద్దుగాల తానం చేసి పోయినప్పుడు మంచిగనే ఉంటవు. కొంచెం చెమట వట్టి బట్ట వెచ్చవడ్డదో, ఎప్పటిదో లోపల ఉన్నది లేస్తది. నూలు బట్ట తాగుతది, వదులుతది. గీ పాలిస్టర్‌కు జిడ్డు అంటితే నీల్లకు వదలది. సిరిసిల్లల మగ్గాల నడుమ పుట్టిన, దారం సంగతి నాకు తెల్వదా?"

నేను మంచం మీద కూర్చుని ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. ఇస్త్రీ పెట్టె తీగ చుడుతూ చెప్పింది.

"నాకు ఎవ్వలు చెప్పలే. పెండ్లయి వచ్చిన కొత్తల, నా ఆడిబిడ్డ సీమంతం. బంతిల కూసున్న. నా పక్కకు ఎవ్వలు కూసుంట లేరు. విస్తరి ఏసినా లేసి అటు పోతున్నరు. చిన్న పోరగాడు ఒకడు అందరి ముంగట అన్నడు, 'అమ్మా, గీ అత్త కాడ కంపు' అని. అందరు నవ్విండ్రు. మా అత్త సుత నవ్వింది. గా దినం బువ్వ ముందట పెట్టుకొని తినలే. ఇంట్ల ఇంతమంది ఉన్నరు, ఒక్కలన్న చాటుకు పిలిచి చెప్తే ఏం పోతుండె?" తీగ ముడేసి, "అందుకే నేను చెప్త. తిట్టినా చెప్త" అంది.

బడికి సెలవు పెట్టించింది. నా జాకెట్లన్నీ లోపలివైపు తిప్పించింది. తినే సోడా కొంచెం నీళ్లతో ముద్దలా కలిపి చంకల దగ్గర పట్టించి కాసేపు వదిలేయమంది. "బట్టల సోడ గాదు, తినే సోడ" అని రెండుమూడుసార్లు చెప్పింది. తర్వాత కడిగేసి, నిమ్మకాయలు పిండిన నీళ్లలో నానబెట్టించింది. రెండూ ఒకేసారి కలపవద్దంది, కలిపితే నురగ తప్ప ఏమీ రాదంది. సబ్బుపొడి నేను వేసేదానిలో సగం కూడా వేయనివ్వలేదు. "సబ్బు ఎక్కువేస్తే సబ్బు గూడ లోపల్నే కూసుంటది. దాని మీద మల్ల జిడ్డు కూసుంటది." జాడించడం మాత్రం చేతులు పడిపోయేదాకా జాడించాలి. వాసన పోయిందని తేలేదాకా ఇస్త్రీ ముట్టుకోవద్దు. ఆరేయడం మేడమీద, ఎండలో, తిరగేసి. గదిలో తాడు మీద రాత్రిపూట వేయడం ఆ రోజుతో బందు. విప్పిన జాకెట్టును తడిగా మూలకు పడేయడం కూడా బందు.

సాయంత్రం ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకుంది. రెండు మళ్లీ భుజం మీదికి పోయాయి. ఒకటి మాత్రం ఎన్నిసార్లు ఉతికినా పోలేదు. నాకిష్టమైన నెమలికంఠం రంగుది. "గిది ఇగ పోదు బిడ్డ. కొన్ని పోవు" అని తనే తీసుకుని మసిగుడ్డ చేసింది.

తర్వాత వారంలో లెక్కల టీచరు స్టాఫ్ రూములో నా పక్కన ఫ్యాను కింద వచ్చి కూర్చుంది. "చీర కొత్తదా?" అని అడిగింది. అదే పాత చీర. కాదని చెప్పాను. ఆ మధ్యాహ్నం ఆమె డబ్బాలోని పచ్చిపులుసు నాకు పోసింది. నేను పెట్టె సర్దుకోవడం మానేశాను.

పెద్దమ్మ నోటికి అందరూ నాలాగా తలవంచలేదు. ఎదురింటి అబ్బాయి దుబాయి నుంచి సెలవు మీద వచ్చినప్పుడు బజారంతా సెంటు వాసన కొట్టేది. అతనిని ఒకరోజు గేటు దగ్గర ఆపి, "కొడుకా, అంగీ మంచిగ ఉతికి ఏస్కో, సెంటు బంజెయ్. ఇప్పుడు రెండు వాసనలస్తున్నయ్" అని మెల్లగా చెప్పింది. అతను వెళ్లిపోయేదాకా ఆ ఇంటివాళ్లు మా గడప తొక్కలేదు. ఆమె తోటికోడలు ఒకావిడ ఇలాంటి మాటకే రాకపోకలు మానుకుంది. పెద్దబాపు అప్పుడప్పుడు, "నీ ముక్కు మనకు చుట్టాలను లేకుంట చేస్తది" అని విసుక్కునేవాడు. "చాటుకే చెప్పిన గదా" అనేది ఆమె. చాటుకు చెప్తే ఎవరికీ బాధ ఉండదని ఆమె నిజంగానే నమ్మేది.

నా పెళ్లయి జగిత్యాల వచ్చాక రాకపోకలు తగ్గాయి. మెట్‌పల్లి వైపు పని పడితే కోరుట్లలో దిగి చూసి వచ్చేదాన్ని. పెద్దబాపు పోయినప్పుడు వెళ్లాను. కొడుకు పెళ్లయింది, సెల్‌ఫోన్ల దుకాణం పెట్టాడు. కోడలు నెమ్మదైన మనిషి. మనవరాలు పుట్టింది. ఆ పిల్ల నానమ్మ చీర కొంగు పట్టుకుని పడుకుంటేగాని నిద్రపోదని ఫోన్లో మురిసిపోతూ చెప్పేది పెద్దమ్మ.

కరోనా జ్వరాలు తగ్గిన తర్వాతి చలికాలం చివర్లో వెళ్లాను. ఆ రోజుల్లో జగిత్యాల నుంచి కోరుట్ల దాకా దారిపొడుగునా పొలాల్లో పసుపు ఉడకబెడుతుంటారు. కిటికీ మూసుకున్నా బస్సంతా ఆ వాసనే. దిగి నడిచి వస్తే ఆ వీధి చివర కూడా ఎవరో ఉడకబెడుతున్నారు. పెద్దమ్మ వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో ఒక్కతే కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి కౌగిలించుకుంది.

ఆమె జాకెట్టు వాసన వచ్చింది.

నేను పొరబడ్డాననుకున్నాను. పక్కన కూర్చున్నాను. పొరబడలేదు. పిల్లాజెల్లా క్షేమసమాచారాలు అయ్యాక ఆమె గాలిలోకి చూసి, "ఈ యేడు ఇంక పసుపు ఉడకవెడ్తలేరు గదా బిడ్డ? ఆలిస్యమైనట్టుంది" అంది.

చాయ్ తెస్తానని లోపలికి పోయాను. వంటింట్లో కోడలు నా ముఖం చూసి గ్రహించింది.

"ఎట్ల చెప్పాలె అక్కా?" అంది గొంతు తగ్గించి. "వాడకంతటికి చెప్పిన మనిషి. ఆమెకు నేను చెప్తనా? తన బట్టలు తనే ఉతుక్కుంటది, నన్ను ముట్టనియ్యది. తనే వాసన సూస్తది, మంచిగుందని కట్టుకుంటది. మా ఆయన సుత నువ్వు చెప్పు అంటే నువ్వు చెప్పు అంటడు. నా బిడ్డ అయితే నానమ్మ పక్కకు పోతనే లేదు."

సాయంత్రం పెద్దమ్మతో మేడ ఎక్కాను. దండెం మీద ఆమె జాకెట్లు నాలుగైదు ఉన్నాయి. ఎప్పటిలాగే ఒకటి తీసి, లోపలివైపు తిప్పి, ముక్కుకు ఆనించి కళ్లు మూసుకుంది. "మంచిగుంది" అని మడత పెట్టి నా చేతికి ఇచ్చింది. నేను దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వాసన అలాగే ఉంది. ఆమె ఇంకొకటి తీసింది. చూసింది. మడత పెట్టబోయింది.

"పెద్దమ్మా" అన్నాను. "ఒక్క మాట చెప్త. కోపం చేస్కోకుండ్రి."

ఆమె చేతులు ఆగాయి. ఆ మాట తర్వాత ఏం వస్తుందో ఆమెకన్నా బాగా ఎవరికి తెలుసు? జాకెట్టు చేతిలో పట్టుకునే పిట్టగోడ మీద కూర్చుంది.

"పోలేదా?"

"పోలేదు పెద్దమ్మా."

"అన్నీ గట్లనే ఉన్నయా?"

"అన్నీ."

చీకటి పడుతోంది. కింద టీవీ మోగుతోంది.

"జరం వచ్చి పోయినంక పోపు ఏస్తే తెలుస్తలేదు" అంది చివరికి. "ఆయన ఫోటో కాడ ఊదుబత్తి ముట్టిస్తే తెలుస్తలేదు. రెండు నెలలల్ల వస్తది అన్నరు. రాలే. ఎవ్వలకు చెప్పలే బిడ్డ. నా కాడ ఉన్నదే గీ ముక్కు. గిది గూడ పాయెనంటే నన్ను ఎవలు లెక్క చేస్తరు?" మెట్లవైపు చూసింది. "కోడలికి తెలుసా?"

"తెలుసు."

"పిల్ల నా కాడ పండుకుంట లేదు. పెద్దగయ్యింది, సిగ్గువడ్తాంది అనుకున్న" అంది. జాకెట్టుతోనే ముఖం తుడుచుకుంది. ఆమె ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. పెద్దబాపు పోయినప్పుడు కూడా ఏడ్వలేదు.

కింద ఉన్న కోడలిని పిలిచింది. ఆ అమ్మాయి మెట్ల మీద నిలబడిపోయింది, పైకి రాలేక.

"నాకు చెప్పాల్నా, వద్దా?" అంది పెద్దమ్మ.

"మీకు చెప్పే ధైర్నం నాకెక్కడిది అత్తమ్మా?" అని కోడలు ఏడ్చేసింది.

పెద్దమ్మ ఆమెనే చూస్తూ ఉండిపోయింది. ఒక అత్త, ఒక సీమంతం బంతి ఆమె మనసులో మెదిలి ఉంటాయని నేను అనుకున్నాను. ఆమె మాత్రం ఆ సంగతి ఎత్తలేదు. చేతిలోని జాకెట్టు కోడలికి అందించింది.

"ఇగ నువ్వే సూడు. ఉంటే ఉన్నది అని చెప్పు, పోతే పోయింది అని చెప్పు. నన్ను సూసి అబద్దం చెప్పకు."

ఆ రాత్రి నేను అక్కడే ఉండిపోయాను. పొద్దున ముగ్గురం కలిసి ఆమె బట్టలన్నీ తీశాం. ఆమె చెప్తుంటే నేను సోడా పట్టించాను, కోడలు నిమ్మకాయలు పిండింది. ఆమె ఎప్పుడూ కట్టే నూలు చీరలకు పెద్ద బెడద లేదు. కొడుకు పెళ్లి తర్వాత మోజుపడి కుట్టించుకున్న పాలిస్టర్ జాకెట్లే మొండికేశాయి. అందరికీ చెప్పిన మనిషి తనే వాటికి ఆశపడిందని కోడలు అంటే, "రంగులు మంచిగుండె" అని చిన్నపిల్లలా తలవంచుకుంది. సాయంత్రం కోడలు ఒక్కొక్కటీ వాసన చూసి చెప్పింది. ఒకదాని దగ్గర కొంచెం తటపటాయించి, "గిది పోలే అత్తమ్మా" అంది. పెద్దమ్మ దాన్ని తీసుకుని ఎడమ భుజం మీద వేసుకుంది.

ఆ తర్వాత నేను వెళ్లిన ప్రతిసారీ మేడమీద ఇద్దరూ కనిపించేవారు. దండెం మీంచి పెద్దమ్మ తీయడం, కోడలికి అందించడం, కోడలు ముక్కు దగ్గర పెట్టుకోవడం. కోడలు క్రమంగా ఆమెకన్నా గట్టిదైంది. ఆమె తినే కూరలో పోపు మాడితే చెప్పేది, పాలు విరిగితే చెప్పేది. మనవరాలిని నానమ్మ పక్కన పడుకొమ్మని ఎవరూ చెప్పలేదు. ఒక చలి రాత్రి ఆ పిల్లే దిండు చంకన పెట్టుకుని పోయి దుప్పట్లో దూరిందట. ఆ సంగతి చెప్పడానికి పెద్దమ్మ నాకు పొద్దున్నే ఫోన్ చేసింది. చెప్పిందే మళ్లీ చెప్పింది.

ఈమధ్య ఆమె నిద్రలోనే పోయింది. దినాల రోజు నేను కోరుట్ల వెళ్లాను. ఇల్లంతా చుట్టాలు. సిరిసిల్ల నుంచి ఆమె తమ్ముళ్లు, చెల్లెళ్లు వచ్చారు. రాకపోకలు మానుకున్న ఆ తోటికోడలు కూడా వచ్చి వాకిట్లో కూర్చుంది. పంచిపెట్టడానికి బట్టలు తీయాలని కోడలు నన్ను లోపలి గదిలోకి తీసుకుపోయి బీరువా తెరిచింది. చీరలు, జాకెట్లు మడతలు చెదరకుండా ఉన్నాయి. కోడలు ఒక చీర తీసి ముఖానికి ఆనించుకుంది. పక్కన పెట్టి ఇంకొకటి తీసింది. జాకెట్లు తీసి, తిరగేసి, చంకల దగ్గర వాసన చూసింది. అడుగున ఉన్నవాటిని కూడా లాగి చూసింది. చివరికి మంచం మీద కూర్చుని నావైపు చూసింది.

"ఏం లేదక్కా" అంది. "ఒక్కదాంట్ల సుత అత్తమ్మ వాసన లేదు. ఉత్త ఎండ వాసన. గంత మంచిగ ఉతికినం."

నేను ఒక జాకెట్టు తీసి చూశాను. నిజమే. ఏమీ లేదు.

"ఒక్కటన్న ఉతకకుంట ఉంచుకుంటే మంచిగుండు" అంది. కళ్ల నిండా నీళ్లు.

"ఉంచితే ఊకుంటుండెనా ఆమె?" అన్నాను.

"ఎక్కడ ఊకుంటది?" అంది కోడలు. "గదే నన్ను వాసన సూడుమంటుండె. సూసి చెప్తే భుజం మీదేస్కొని మల్ల బకీట్ల నానవెడ్తుండె."

ముందు ఎవరు నవ్వామో తెలియదు. కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నాం, ఆగలేదు. వాకిట్లో పెద్దవాళ్ల మాటలు ఒక్కసారిగా ఆగిపోయాయి. దినాల ఇంట్లో ఈ నవ్వేమిటని ఆ తోటికోడలు గుమ్మం దాకా వచ్చి చూసింది. మా చేతుల్లోని జాకెట్లు చూసి లోపలికి వచ్చి మా పక్కన మంచం మీద కూర్చుంది.